10 సెట్టు తీగలు వేశాక గిటార్ నెక్ వంగింది, ట్రస్ రాడ్ తిప్పబోతే ‘టక్’ మంది

అనంతపురం_ఆరుతీగలు:

మాది అనంతపురం. గడియార స్తంభం దగ్గర జిరాక్స్ దుకాణం నడుపుతాను, ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాను. నాది స్ట్రాటోకాస్టర్ నమూనా ఎలక్ట్రిక్ గిటార్. ఆరేళ్ళ క్రితం బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

ఏప్రిల్, మే నెలల్లో దుకాణంలో ఊపిరాడక దాన్ని ముట్టుకోలేదు. సంచిలో పెట్టి కడప బండ అటక మీద పడేశాను, తీగలు కూడా వదులు చేయలేదు. ఇక్కడి ఎండ సంగతి తెలిసిందే. రాత్రి పది గంటలకు ఆ బండ మీద చెయ్యి పెట్టినా వెచ్చగానే ఉండేది.

జూన్‌లో దింపి, తుప్పు పట్టిన 9 సెట్టు తీసేసి, శబ్దం నిండుగా ఉంటుందని ఎవరో చెబితే కాస్త లావు తీగల 10 సెట్టు వేశాను. తిప్పలు అక్కడ మొదలయ్యాయి. తీగలు ఎత్తుకు లేచాయి. మా అబ్బాయి జామెట్రీ బాక్సులోని స్కేలును సున్నా గీత దాకా అరగదీసి పన్నెండో ఫ్రెట్ (నెక్ మీది లోహపు మెట్టు) మీద నిలబెట్టి చూశాను. లావు తీగ కింద మూడు మిల్లీమీటర్లు. ఎఫ్ కార్డ్ పట్టుకుంటే రెండో పాటకే వేళ్ళు పీకేస్తున్నాయి. బ్రిడ్జి మీద తీగలు ఆనే చిన్న ముక్కలు, అదే సాడిళ్ళు, దించాను. దించగా దించగా వాటి చిన్న మరలు పైకి పొడుచుకొచ్చి అరచేతిని గీరుతున్నాయి. ఇక దించడానికి చోటు లేదు, ఎత్తు మాత్రం ఇంకా రెండున్నర ఉంది.

నిన్న రాత్రి వీడియో చూసి ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే కడ్డీ) మీద పడ్డాను. తల దగ్గర రంధ్రంలో సైకిల్ సెట్టులోని 3 మిల్లీమీటర్ల అలెన్ కీ దూర్చి తిప్పితే నట్టు కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టాను. ‘టక్’ మంది. గుండె జారి కీ తీసేశాను. రాడ్ విరిగిందా? అసలు ఎటు తిప్పాలి? ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే ఉంది.

కర్నూలు_పానా:

తమ్ముడూ, ముందు ఆ 3 కీని సైకిల్ సెట్టులో పెట్టేసి మూత వెయ్యి.

నాది మోటార్ సైకిల్ షెడ్డు. ఇరవై రెండేళ్ళ పని, రాత్రిళ్ళు గిటార్. ‘టక్’లు చాలా విన్నాను. కీ జారితే వచ్చే చప్పుడు పొడిగా ఉంటుంది, చేతికి ఒక్కసారిగా వదులు తగులుతుంది. ఏళ్ళ తరబడి బిగుసుకున్న నట్టు కదిలితే మూలిగినట్టు ఉంటుంది. రాడ్ తెగితే ఆ తర్వాత నట్టును ఎంత తిప్పినా ఉత్తినే తిరుగుతుంది. నట్టు కదల్లేదని నువ్వే అన్నావు కాబట్టి నీది మొదటి రకమే. చాలా గిటార్లకు ఆ రంధ్రంలో ఎనిమిదో వంతు అంగుళం కీ పడుతుంది, అంటే 3.18 మిల్లీమీటర్లు. 3 కీ అందులో హాయిగా దూరుతుంది, పట్టు మాత్రం ఉండదు. ఆ 0.18 సందే నట్టు మూలలను తినేస్తుంది. పాత బండ్ల అంగుళాల బోల్టులకు మిల్లీమీటర్ పానా వేసి గుండ్రంగా చేసినవాళ్ళను రోజూ చూస్తాను. టార్చి వేసి రంధ్రంలోకి చూడు. ఆరు మూలలూ కనిపిస్తే బతికిపోయావు. హార్డ్‌వేర్ దుకాణంలో అంగుళాల అలెన్ సెట్టు అడుగు. ఆ కీ దూరేటప్పుడు కాస్త బిగుతుగా ఉండాలి, దూరాక అటూ ఇటూ ఆడకూడదు.

కొత్త కీ వచ్చినా వెంటనే తిప్పొద్దు. కొలవకుండా ట్యాపెట్ సెట్ చేసేవాడు నా షెడ్డులో ఒక్కరోజు కూడా ఉండడు. తీగలన్నీ శ్రుతికి బిగించు. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టు. నెక్ ఒంటికి కలిసేచోట, పదిహేడో ఫ్రెట్ దగ్గర, లావు తీగను వేలితో నొక్కిపట్టు. ఇప్పుడు ఆ తీగే నీకు స్కేలు. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడు. పావు మిల్లీమీటర్ ఉంటే చాలు. మా దగ్గరైతే సందు కొలిచే ఫిల్లర్ గేజ్ ఉంటుంది. నీకు అదీ అక్కర్లేదు. విప్పిన 9 సెట్టు పారేశావా? ఆ సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు, అంటే 0.23 మిల్లీమీటర్లు. తుప్పు తుడిచి దాన్నే దూర్చి చూడు.

సందు ఎక్కువ ఉంటేనే బిగించాలి. నట్టుకు ఎదురుగా చూస్తూ సవ్యదిశలో, అంటే మీ స్తంభం మీద గడియారం తిరిగే వైపు. అప్పుడు నెక్ వెనక్కి వెళ్ళి సందు తగ్గుతుంది. తీగలు కొంచెం వదులు చేసి పావు చుట్టు తిప్పు. మళ్ళీ శ్రుతికి తెచ్చి కొలువు. అక్కడితో ఆ రోజు పని ఆపు, చెక్క సర్దుకోవడానికి రాత్రంతా పడుతుంది. నట్టు మొండికేస్తే పిడికిలి బలం చూపించొద్దు. ఒకరిని పిలిచి నెక్‌ను చేత్తో మెల్లగా వెనక్కి వంచి పట్టుకోమను. ఆ స్థితిలో నట్టు మీద భారం తగ్గుతుంది.

కడప_మెట్లమైనం:

పానా గారు చెప్పింది సబబే, కానీ నాకు అనుమానం వేరేచోట ఉంది. సాడిళ్ళు అడుగంటా దించినా రెండున్నర మిల్లీమీటర్లు ఉందన్నారు కదా. నెక్ వంపు ఒక్కదానితో అంత ఎత్తు రాదు. మీ గిటార్‌కు వైబ్రేటో చేయి (స్వరాన్ని ఊపడానికి బ్రిడ్జికి తగిలించే కడ్డీ) ఉందా? ఉంటే బ్రిడ్జి పలకను పక్కనుంచి చూడండి. దాని వెనక అంచు గిటార్ ఒంటి మీద నుంచి లేచి ఉందేమో.

కారణం చెబుతాను. మామూలు శ్రుతిలో 9 సెట్టు ఆరు తీగలూ కలిసి లాగే లాగుడు దాదాపు 38 కిలోలు. 10 సెట్టుది 46 దాకా ఉంటుంది. తేడా ఎనిమిది కిలోలు, పాతిక కిలోల బియ్యం బస్తాలో మూడో వంతు. ఆ బరువు నెక్‌నే కాదు, వెనక గూటిలో స్ప్రింగులతో నిలబెట్టిన బ్రిడ్జిని కూడా ముందుకు లాగుతుంది. పలక వంగి వెనక లేస్తుంది, దానితోపాటు సాడిళ్ళూ లేస్తాయి. మీరు వాటిని దించుతూ పోయారు. వెనక మూత విప్పితే స్ప్రింగులు తగిలించిన కొక్కెం పలక, దాన్ని చెక్కకు పట్టిన రెండు పొడవాటి స్క్రూలు కనిపిస్తాయి. తీగలు వదులు చేసి ఆ రెండింటినీ సమానంగా, ఒక్కో చుట్టు చొప్పున బిగించి మళ్ళీ శ్రుతి చేయండి. ముందు అది, తర్వాత నెక్ సందు, ఆ తర్వాతే సాడిళ్ళ ఎత్తు.

మా ఇంట్లో వీణ, గిటార్ రెండూ ఉన్నాయి. వీణ మెట్లు ఇరవై నాలుగూ మైనంలో కూర్చోబెట్టినవి. మే నెలలో గదిని కాచుకోకపోతే మైనం మెత్తబడి మెట్టు ఒరుగుతుంది. గిటార్‌కు మైనం లేదు కాబట్టి ఎండ ఏమీ చేయదని అటక మీద పెట్టేవాళ్ళే ఎక్కువ. తీగలు లాగుతూ ఉండగా వేడిలో మగ్గితే చెక్క ఆ లాగుడు వైపే వంగి ఉండిపోతుంది. నెక్ చేసే మేపుల్ చెక్క గట్టిదే, అయినా గిటార్ల తయారీదారు లియో ఫెండర్ 1950లో రాడ్ లేకుండా తెచ్చిన మొదటి ఎస్క్వైర్ గిటార్లకు ఆ ఏడాదిలోనే రాడ్ పెట్టక తప్పలేదు.

ఇంకొకటి. నెక్ పక్కన వేళ్ళు పోనిస్తే ఫ్రెట్ల చివర్లు గుచ్చుకుంటున్నాయా? పొడి గాలికి చెక్క కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు. అది రాడ్‌తో పోయేది కాదు.

అనంతపురం_ఆరుతీగలు:

అక్కా, మీకు దండం. బ్రిడ్జి వెనక అంచు కింద నా చిటికెన వేలి గోరు దూరింది! ఆరేళ్ళుగా దాని మీదే చెయ్యి ఆనించి వాయిస్తున్నాను, ఒక్కసారి పక్కనుంచి చూడలేదు. రెండు స్క్రూలూ రెండున్నర చుట్లు బిగిస్తే పలక దాదాపు పడుకుంది. ఫ్రెట్ల చివర్లు గుచ్చుకుంటున్న మాట నిజమే, దాని పని వర్షాలు వచ్చాక చూస్తాను.

తర్వాత నెక్. అన్నా, పాత తీగలు చెత్తబుట్టలోనే దొరికాయి. 9 తీగ దూరి ఆడింది. 11 ఆడింది. 16 కూడా ఆడింది. 24 దూరిస్తే పై తీగను ఎత్తేసింది. అంటే 0.4కూ 0.6కూ మధ్య ఎక్కడో ఉంది. నట్టు మూలలు ఐదు బాగున్నాయి, ఆరోది కాస్త నలిగింది. ఎనిమిదో వంతు కీ ‘టిక్’ అని కూర్చుంది. మా ఆవిడ నెక్ పట్టుకుంది, నేను పావు చుట్టు తిప్పాను. నట్టు నిజంగానే మూలిగింది. మర్నాడు మరో పావు. ఇప్పుడు 9 జారుతోంది, 11 తాకుతూ వెళుతోంది. సాడిళ్ళు మళ్ళీ పైకి లేపి పన్నెండో ఫ్రెట్ దగ్గర 1.8కి తెచ్చాను. ఎఫ్ కార్డ్ పట్టుకుని ఊరికే నవ్వుకున్నాను.

ఒకే ఒక్క లోపం మిగిలింది. మూడో తీగ మీద పదమూడో ఫ్రెట్ నొక్కితే గరగర వస్తోంది. పన్నెండు, పద్నాలుగు నొక్కితే శుభ్రంగా ఉంది. రాడ్ కాస్త వదులు చేయనా?

కర్నూలు_పానా:

చేయొద్దు! ఒక్క ఫ్రెట్ దగ్గరే గరగర అంటే నెక్ నిర్దోషి. పదమూడు నొక్కినప్పుడు తీగ తగిలేది దాని పక్కనున్న పద్నాలుగుకు. ఆ ఫ్రెట్ లేచి ఉంటుంది. నీ దుకాణంలో పేపర్ కట్టర్ ఉంటుంది కదా, గడువు తీరిన ఏటీఎం కార్డును నాలుగు సెంటీమీటర్ల ముక్కగా కొయ్యి. కోసిన అంచు కాదు, కంపెనీ అంచు వాడు. దాన్ని పదమూడు, పద్నాలుగు, పదిహేను ఫ్రెట్ల మీద, మూడో తీగ కింద నిలబెట్టి అటూ ఇటూ నొక్కు.

అనంతపురం_ఆరుతీగలు:

ఊగుతోంది అన్నా. తూనిక రాయి లేని త్రాసులా ఊగుతోంది.

కర్నూలు_పానా:

అయితే ఆదివారం ఆ స్వరాన్ని వేరే తీగ మీద పట్టుకో, వినేవాళ్ళకు తెలియదు. సోమవారం కర్నూలు రా. ప్లాస్టిక్ సుత్తితో రెండు తట్లు తట్టి చూద్దాం, దిగకపోతే అరగదీద్దాం. బస్సులో మాత్రం వెనక డిక్కీలో వెయ్యకు, అక్కడ వేడి తగలొచ్చు. ఒళ్ళో పెట్టుకుని కూర్చో.