పోర్ట్ లూయిస్‌లో ఒక్క పగలు: మారిషస్‌లోని తెలుగు సంతతివారిని కలవడం సాధ్యమేనా?

ప్రశ్న: విశాఖవాసి

అమ్మానాన్నలతో కలిసి హిందూ మహాసముద్రంలో ఓడ యాత్రకు వెళ్తున్నాను. మా ఓడ పోర్ట్ లూయిస్ రేవులో ఉదయం 8 గంటలకు ఆగి, సాయంత్రం 6 గంటలకు బయలుదేరుతుంది. ఓడవారు అమ్మే బస్సు యాత్రలో షమరెల్ రంగుల నేల, జలపాతం, దారిలో ఒక దుకాణం ఉన్నాయి. నాన్నగారికి వాటిమీద ఆసక్తి లేదు. మన ప్రాంతం నుంచి చెరకు తోటల పనికి వెళ్ళినవారి మనుమలు, మునిమనుమలు అక్కడ ఉన్నారని చదివినప్పటి నుంచి, వారిలో ఒక్క కుటుంబంతోనైనా కూర్చుని టీ తాగి రావాలన్నదే ఆయన కోరిక. ముఖపరిచయం కూడా లేనివారి ఇంటికి వెళ్తామనడం మర్యాదేనా? అమ్మ శాకాహారి, పైగా మోకాళ్ళ నొప్పులవల్ల ఎక్కువ దూరం నడవలేదు.

సమాధానం 1: ఎబెన్‌లో నాలుగేళ్ళు

నేను మారిషస్‌లోని ఎబెన్ పట్టణంలో ఉద్యోగం చేసిన నాలుగేళ్ళలో నాకు అర్థమైనది ఇది: మారిషస్‌వాసులు అతిథిని ఆదరించడంలో మనకేమీ తీసిపోరు, కానీ ఆ ఆదరణ వెతుక్కుంటూ తిరిగేవారికి దొరకదు, ఒకచోట నిలకడగా కూర్చున్నవారి దగ్గరికి అదే వస్తుంది. అందుచేత పది చోట్లు చుట్టే ఆలోచన మానుకోండి.

ఉదయం నేరుగా సెంట్రల్ మార్కెట్‌కు వెళ్ళండి. కూరగాయల అంగళ్ళలో ఆనపకాయ, బెండకాయ, కాకరకాయ చూడగానే అమ్మగారికి సగం బెరుకు తీరిపోతుంది. అక్కడి 'ధోల్ పూరి' మన బొబ్బట్టుకు దగ్గరి చుట్టం; లోపల తీపి పూర్ణానికి బదులు ఉడికించి పొడి చేసిన శనగపప్పు ఉంటుంది. రెండేసి కలిపి, మధ్యలో చిక్కుడుగింజల కూర, టమాటాతో చేసే 'రుగాయ్' వేసి, కాగితంలో చుట్టి ఇస్తారు. అమ్మేవారు "పిమాన్?" అని అడిగితే మిరపకాయ ముద్ద వేయాలా అని అర్థం. 'గాతో పిమాన్' అంటే దాదాపుగా మన పప్పు వడే. తరువాత సబ్జా గింజలు, అగర్ (సముద్రపు నాచుతో చేసే జెల్లీ) ముక్కలు వేసిన చల్లని పాలు, అంటే 'అలూదా' తాగండి. తొందర లేని అంగడివారిని పలకరించి, ఎక్కడి నుంచి వచ్చారో చెప్పండి. ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష క్రియోల్ మీకు రెండు మాటలే వచ్చినా, "బొంజూర్" అని మొదలుపెట్టి "మెర్సి" అని ముగిస్తే మాట సాగుతుంది. ఇంగ్లీషు చాలామందికి వస్తుంది.

మధ్యాహ్నం విక్టోరియా స్టేషన్‌లో మెట్రో ఎక్కి రోజ్ హిల్ అనే ఊరి దాకా వెళ్ళి రండి. ఉద్యోగులు, బడిపిల్లలు, సంచులతో ఇంటికి వెళ్ళే అవ్వలు, అందరూ అందులోనే ఉంటారు. ఆ ప్రయాణం నాకు ఏ విహారయాత్రకన్నా ఎక్కువ చూపించింది.

సమాధానం 2: కోరంగి దారి

పై సలహా బాగుంది. అయితే నాన్నగారు కోరింది అంగడి కాదు కదా.

ముందు ఆప్రవాసీ ఘాట్ చూడండి. రేవు పక్కనే ఉంటుంది. 1834 నుంచి 1920 మధ్య భారతదేశం నుంచి ఒప్పందపు కూలీలుగా దాదాపు 5 లక్షల మంది ఆ ద్వీపానికి వచ్చారు. 1835లో బానిసత్వం రద్దు కానున్నదని ముందే తెలియడంతో చెరకు తోటలకు కావలసిన చేతులను ఇలా సమకూర్చుకున్నారు. ఓడ దిగినవారిని నమోదు చేసిన ఆ ప్రాంగణం 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మనవారిలో చాలామంది కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కారు. ఆ రేవు పేరే వారికి అంటుకుని, అక్కడ తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచేవారు.

కుటుంబాన్ని కలిసే విషయంలో, ఊరికే వెళ్ళి తలుపు తట్టకండి. అక్కడ తెలుగు సంఘాలు, ఆ సంఘాలవారు నడిపే దేవాలయాలు ఉన్నాయి. నెల ముందు ఒక ఉత్తరం రాసి, ఏ రోజు, ఎన్ని గంటలు ఉంటారో చెప్పి, దేవాలయంలో కలవగలమా అని మాత్రమే అడగండి. ఇంటికి రమ్మని పిలవడమో పిలవకపోవడమో వారికే వదిలేయండి.

ఇంకొక మాట. వారు ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా క్రియోల్. బడిలో తెలుగు నేర్చుకున్నవారు ఉన్నారు కానీ, "తెలుగు రాదా?" అని ఆశ్చర్యపడితే అది వారికి పరీక్షలా తోస్తుంది. "మీ ఇంటిపేరేమిటి?" అన్న మన అలవాటు ప్రశ్న కూడా పెద్దగా పనికిరాదు, చాలా కుటుంబాలకు మొదట ఓడ దిగిన తాతగారి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. వాటికి బదులు సింహాద్రి అప్పన్న పూజ గురించో, అమ్మోరు పండుగ గురించో అడగండి. విశాఖ నుంచి వచ్చామంటే ఆ మాట దానంతట అదే అప్పన్న కొండ ఎక్కుతుంది. దీపం చుట్టూ తిరుగుతూ రాత్రిపూట సాగే రామభజన వారి ఆచారాల్లో ముఖ్యమైనది. అది మొదలయ్యే వేళకు మీ ఓడ సముద్రంలో ఉంటుంది, అదొక్కటే విచారం.

సమాధానం 3: ఏడు ఓడలెక్కినవాడు

ఆరింటికి ఓడ కదులుతుందంటే ఆరు దాకా సమయం ఉందని కాదు. అందరూ లోపల ఉండవలసిన గడువు దానికంటే ముందే ఉంటుంది. ఓడలోని గడియారం, ఊళ్ళోని గడియారం ఒకటేనా అని దిగే ముందే చూసుకోండి. ఓడవారి బస్సు ఆలస్యమైతే సాధారణంగా ఆగుతారు, సొంతంగా వెళ్ళినవారికోసం ఆగరు. ఒక రేవులో మేము ఇలాగే ఒకరింట భోజనానికి ఒప్పుకుని, వడ్డన మధ్యలో విస్తరి ముందు నుంచి లేచి రావలసి వచ్చింది. ఆ ఇంటి ఇల్లాలి ముఖం ఇప్పటికీ మరువలేను. భోజనానికి పిలిచినా టీకే ఒప్పుకోండి. టాక్సీ మాట్లాడుకుంటే రానూపోనూ ఎంతో, ఎంతసేపు ఆగాలో ఎక్కక ముందే తేల్చుకోండి.

విశాఖవాసి

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే క్యాలెండరు చూశాను, ఓడ ఆగేది ఆదివారం. దానివల్ల ఏమైనా తేడా ఉంటుందా?

కోరంగి దారి

చాలా తేడా ఉంటుంది. ఆదివారం ఆప్రవాసీ ఘాట్ మూసి ఉంటుంది, బయటి నుంచి చూడవలసిందే. ఊళ్ళో దుకాణాలు చాలావరకు తెరవరు. కానీ మీరు కలవాలనుకున్నవారు ఇంటిపట్టున ఉండేదీ, గుడికి తీరికగా వచ్చేదీ ఆ రోజే. కాబట్టి ఉత్తరంలో ఉదయం పదిన్నర వేళ గుడిలో కలుస్తామని రాయండి.

ఎబెన్‌లో నాలుగేళ్ళు

ఆదివారం మార్కెట్ కూడా మధ్యాహ్నానికే సర్దేస్తారు. అందుకని ఓడ దిగగానే ముందు ధోల్ పూరి, ఆ తరువాత గుడి. మెట్రో ఆలోచన ఈసారికి వదిలేయండి, అమ్మగారి మోకాళ్ళకూ అదే మేలు.

విశాఖవాసి

అలాగే చేస్తాము. వట్టి చేతులతో వెళ్ళడం నాన్నగారికి ఇష్టం లేదు. తినేవస్తువులు ఓడ నుంచి దింపనివ్వరేమోనని, కొత్త సంవత్సరపు తెలుగు పంచాంగాలు నాలుగు, సింహాచలం కుంకుమ పొట్లాలు కొన్ని పెట్టెలో అప్పుడే సర్దేశారు. ఉత్తరం ఈ రాత్రే రాస్తాను.