కోడెదూడ బొడ్డు కింద వేలాడే చర్మం: జాతి లక్షణమా, హెర్నియానా?

మాది నర్సంపేట దగ్గరి పల్లె. పన్నెండు రోజుల క్రితం మా ఆవుకు ఒంగోలు సంకరపు కోడెదూడ పుట్టగా, బొడ్డు తాడును రెండంగుళాలు వదిలి దారంతో కట్టి, కత్తిరించి, మూడు రోజులు పూటపూటకూ టింక్చర్ అయోడిన్ అద్దాము. జున్నుపాలు కూడా గంటలోపే పట్టించాము.

తాడు ఎండి రాలిపోయింది గానీ, బొడ్డు దగ్గర నాలుగు వేళ్ల వెడల్పున మెత్తని చర్మం వేలాడుతోంది. వేడి, చీము, నొప్పి లేవు. దూడ చురుకుగా పాలు తాగుతోంది. తల్లికి కూడా గంగడోలు, బొడ్డు కింది తోలు బాగా వదులే కనుక ఇది వంశలక్షణమని నా నమ్మకం.

అయితే దూడను వెల్లకిలా పడుకోబెట్టి వేలితో నొక్కినప్పుడు, కడుపు గోడలో రంధ్రం తగిలితేనే హెర్నియా (ఆ రంధ్రం గుండా పేగు చర్మం కిందికి ఉబకడం) అనుకోవాలా? ఒంగోలు రక్తం కలిసిన అమెరికా బ్రాహ్మన్ మాంసపు పశువుల్లో ముందోలు (బొడ్డు వెనుక మూత్రాంగాన్ని కప్పే తోలు) మరీ వేలాడే కోడెలను, గాయాల భయంతో, విత్తనానికి ఉంచరట. మా మేత బీడంతా తుమ్మ కంపలే. ఈ దూడను ఆబోతుగా ఉంచవచ్చా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.