అలర్ట్ మెయిళ్లు మాత్రమే పంపే సర్వర్‌కి ఎంఎస్ఎంటీపీ సరిపోతుందా, క్యూ ఉన్న మెయిల్ ప్రోగ్రామ్ కావాలా?

క్రాన్‌చూపు
చిన్న లైనక్స్ సర్వర్ ఒకటి చూసుకుంటున్నాను. దాని మీద మెయిల్‌బాక్సులు లేవు, బయటి నుంచి మెయిల్ తీసుకునే పనీ లేదు. క్రాన్ జాబ్ (వేళకి తనంతట నడిచే పని) ఫెయిలైతే, రెయిడ్‌లో (కలిపి వాడే డిస్కుల గుంపులో) డిస్క్ పోతే, డిస్కుల ఆరోగ్యం చూసే స్మార్ట్‌డీ ఏదైనా హెచ్చరిస్తే ఆ మెయిల్ మా ఇన్‌బాక్స్‌కి చేరాలి. అంతే. ఇన్నాళ్లూ మెయిల్ పంపడానికి ఎస్ఎస్ఎంటీపీ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. దాని అసలు ప్రాజెక్టు నుంచి ఏళ్లుగా కొత్త విడుదల లేదు కాబట్టి మార్చేద్దామని. నాతో పాటు ఈ మెషీన్ చూసే ఇద్దరిలో ఒకరు అలాంటిదే అయిన ఎంఎస్ఎంటీపీ చాలంటున్నారు, రెండో ఆయన క్యూ (వెంటనే వెళ్లని మెయిల్‌ని దాచి మళ్లీ పంపే వరుస) లేని ప్రోగ్రామ్‌కి అలర్ట్‌లు అప్పగించకూడదంటున్నారు. మీరేమంటారు?

పోర్టు587
ఎంఎస్ఎంటీపీ పెట్టేయండి. డీమన్ (వెనకాల ఎప్పుడూ నడిచే ప్రోగ్రామ్) లేదు, తెరిచి ఉంచే పోర్టు లేదు, కాన్ఫిగ్ అంతా ఒకే ఫైలు. రిలే (మన మెయిల్ తీసుకుని ముందుకు పంపే బయటి సర్వర్) పేరు, పోర్టు, టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్), యూజర్, పాస్‌వర్డ్, ఫ్రమ్ అడ్రస్ రాస్తే అయిపోయింది. డెబియన్‌లో ఎంఎస్ఎంటీపీ-ఎంటీఏ ప్యాకేజీ కూడా వేసుకుంటే యూనిక్స్‌లో మెయిల్ పంపే పాత ప్రోగ్రామ్ సెండ్‌మెయిల్ పేరుతో లింకు కూడా అదే పెడుతుంది. క్రాన్‌కి తేడా తెలియదు.

జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే. పోర్టు 587 అయితే స్టార్ట్‌టీఎల్ఎస్ (మామూలుగా మొదలై తర్వాత ఎన్‌క్రిప్షన్‌కి మారడం) ఆన్‌లో ఉండాలి, 465 అయితే ఆఫ్ చేయాలి. 465 మీద ఆన్‌లోనే వదిలేస్తే ప్రోగ్రామ్ ఏమీ చెప్పకుండా ఎదురుచూస్తూ కూర్చుంటుంది, మనమేమో ఫైర్‌వాల్‌ని అనుమానిస్తాం.

క్యూలోఉన్నా
అలర్ట్ ఎప్పుడు పుడుతుందండీ? ఏదో చెడినప్పుడే కదా. స్విచ్ రీబూట్ అయి కాసేపు నెట్ లేదనుకోండి, సరిగ్గా అప్పుడే బ్యాకప్ స్క్రిప్ట్ ఫెయిలవుతుంది. క్రాన్ ఆ అవుట్‌పుట్‌ని ఎంఎస్ఎంటీపీ చేతిలో పెడుతుంది. రిలే దొరకదు కాబట్టి అది ఎర్రర్ కోడ్ ఇచ్చి తప్పుకుంటుంది. తన వరకు నిజమే చెప్పింది, కానీ వినేవాళ్లెవరు? క్రాన్ 'ఇన్ని బైట్లు మెయిల్ చేశాను, ఎంటీఏ (మెయిల్ పంపే ప్రోగ్రామ్) ఫలానా స్టేటస్ ఇచ్చింది' అని సిస్‌లాగ్‌లో (సిస్టమ్ లాగ్‌లో) ఒక లైను రాసి తన దారిన తాను పోతుంది. ఆ మెసేజ్ ఇక ఎక్కడా ఉండదు.

1980ల నుంచీ యూనిక్స్ ప్రోగ్రాములు ఒకే నమ్మకం మీద నడుస్తున్నాయి: సెండ్‌మెయిల్‌కి ఇచ్చేస్తే మిగతాది అది చూసుకుంటుంది. ఆ పేరు పెట్టుకుని కూర్చున్న ప్రోగ్రామ్ ఆ బాధ్యత కూడా తీసుకోవాలి.

పోర్టు587
క్యూ కావాలంటే ఎంఎస్ఎంటీపీక్యూ ఉంది కదా, దానితోనే వస్తుంది.

క్యూలోఉన్నా
అది షెల్ స్క్రిప్టు. ల్యాప్‌టాప్‌లో ఆఫ్‌లైన్‌గా ఉత్తరాలు రాసుకునేవాళ్లకి బాగుంటుంది. కాసేపటికోసారి తనంతట తానే లేచి మళ్లీ ప్రయత్నించే డీమన్ కాదు. రూట్ (అడ్మిన్ ఖాతా) పంపేది ఒక డైరెక్టరీలో, ఇంకో యూజర్ పంపేది మరో డైరెక్టరీలో పడి ఉంటే ఎవరు ఏరతారు?

డెమన్‌బొమ్మ
డీఎంఏ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి? డ్రాగన్‌ఫ్లై బీఎస్‌డీ వాళ్లు రాసుకున్న మెయిల్ ఏజెంట్. 2023 నవంబరులో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 14.0లో సెండ్‌మెయిల్‌ని పక్కన పెట్టి దీన్నే డిఫాల్ట్ చేశారు. డెబియన్‌లోనూ ప్యాకేజీ ఉంది. పోర్టు 25 మీద వినదు. స్మార్ట్‌హోస్ట్ (అంటే రిలే పేరు), పోర్టు, సెక్యూర్‌ట్రాన్స్‌ఫర్ (టీఎల్ఎస్ వాడమనే లైను) ఒక ఫైల్లో, పాస్‌వర్డ్ ఇంకో ఫైల్లో. రిలే దొరక్కపోతే మెసేజ్ స్పూల్‌లో (క్యూ ఉండే డైరెక్టరీలో) ఉంచుకుని ఐదు రోజుల దాకా ప్రయత్నిస్తుంది. 587 వాడితే సెక్యూర్‌ట్రాన్స్‌ఫర్‌తో పాటు స్టార్ట్‌టీఎల్ఎస్ లైను మీద ఉన్న కామెంట్ గుర్తు కూడా తీసేయాలి, చాలామంది ఒకటే తీస్తారు.

ఒక లోపం మాత్రం ఉంది. ఎప్పుడూ నడుస్తూ ఉండే డీమన్ కాదు కనుక, మెసేజ్ స్పూల్‌లో ఉండగా మెషీన్ రీబూట్ అయితే దాన్ని ఎవరో ఒకరు తట్టి లేపాలి. 'డీఎంఏ -క్యూ' క్రాన్‌లో ఉందో లేదో చూసుకోండి.

పాతసిస్‌అడ్మిన్
తేలిక తేలిక అంటూ ఎంత బరువు మోస్తున్నారో చూడండి. స్క్రిప్టొకటి, క్రాన్ ఎంట్రీ ఒకటి! పూర్తి స్థాయి మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌ని నల్ క్లయింట్‌గా (పంపడమే తప్ప తీసుకోనిదిగా) పెడితే పట్టుమని పది లైన్లు ఉండవు. ఐనెట్_ఇంటర్‌ఫేసెస్ లూప్‌బ్యాక్‌కి (ఆ మెషీన్ లోపలికి) మాత్రమే, మైడెస్టినేషన్ ఖాళీ, రిలేహోస్ట్‌లో మీ రిలే పేరు, పాస్‌వర్డ్ మ్యాప్. రిలే పేరుని చదరపు బ్రాకెట్లలో పెట్టండి, లేకపోతే ఆ డొమైన్ ఎంఎక్స్ రికార్డు (మెయిల్ తీసుకునే సర్వర్ ఏదో చెప్పేది) వెతుక్కుంటూ ఇంకెక్కడికో పోతుంది. వీట్సే వెనెమా 1998లో విడుదల చేసిన నాటి నుంచి ఉన్నది. రేపు ఏ సమస్య వచ్చినా లాగ్‌లోని లైను వెతికితే సమాధానం దొరుకుతుంది. ఆ సుఖం చిన్న ప్రోగ్రాములకి లేదు.

టీఎల్ఎస్ లెవెల్ 'ఎన్‌క్రిప్ట్' అని రాసి వదిలేస్తే సర్టిఫికెట్ ఎవరిదో పరీక్షించదు. పాస్‌వర్డ్ పంపుతున్నాం కాబట్టి 'సెక్యూర్' పెట్టి, సీఏ ఫైలు (నమ్మదగిన సర్టిఫికెట్ సంస్థల జాబితా) చూపించండి.

రూట్‌కానివాడు
అందరూ మళ్లీ పంపడం గురించే మాట్లాడుతున్నారు. నా దృష్టిలో క్యూ ఉండటం వల్ల అసలు లాభం పాస్‌వర్డ్ దగ్గర ఉంది.

ఎంఎస్ఎంటీపీ ఏ యూజర్ పిలిస్తే ఆ యూజర్‌గానే నడుస్తుంది. మెషీన్‌లో అందరి కోసం ఒకే కాన్ఫిగ్ పెట్టారంటే, మెయిల్ పంపాల్సిన ప్రతి యూజర్‌కీ అది చదవగలిగే హక్కు ఇవ్వాలి. వెబ్ సర్వర్ యూజర్ కూడా అందులో ఉంటే, సైట్‌లో ఏ చిన్న బొక్క పడినా రిలే పాస్‌వర్డ్ బయటికి పోయినట్టే. పాస్‌వర్డ్‌ఎవాల్ (పాస్‌వర్డ్‌ని ఒక కమాండ్ నుంచి తెచ్చే సెట్టింగ్) వాడినా ఇదే కథ, ఆ కమాండ్ కూడా అదే యూజర్‌గా నడుస్తుంది కదా. పోస్ట్‌ఫిక్స్‌లోనో, క్యూ ఉన్న మరో చిన్న ప్రోగ్రామ్ నల్‌మెయిలర్‌లోనో అలా కాదు. రాసేవాడు మెసేజ్‌ని స్పూల్‌లో వేసి పోతాడు, పాస్‌వర్డ్ తెలిసింది పంపే డీమన్‌కి ఒక్కదానికే. డీఎంఏ సెట్‌జిడ్ (ఎవరు నడిపినా ఒక గ్రూపు హక్కు ఇచ్చే గుర్తు) ద్వారా మెయిల్ గ్రూపు హక్కుతో ఫైలు చదువుతుంది, అదీ నయమే.

జీమెయిల్ ద్వారా పంపేవాళ్లు ఇంకా ఎక్కువ ఆలోచించాలి. 2022 మే 30 నుంచి మామూలు పాస్‌వర్డ్‌తో కుదరదు, టూ-స్టెప్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఆ పదహారు అక్షరాలు పంపడానికి మాత్రమే పరిమితం కావు, ఐమ్యాప్‌లో (మెయిల్ చదివే పద్ధతి) అదే పెట్టి మీ ఇన్‌బాక్స్ మొత్తం చదవొచ్చు. సర్వర్‌కి విడిగా ఒక ఖాతా తీసుకోండి.

పోర్టు587
ఈ పాయింట్ ఒప్పుకుంటాను. కానీ మెయిల్ పంపేది రూట్ ఒక్కడే అయితే ఫైలు 600 పర్మిషన్‌తో రూట్‌కే ఉంచొచ్చు, అప్పుడు ఈ గొడవ లేదు.

ఇక క్యూ మీద ఇంత నమ్మకం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రిలే పాస్‌వర్డ్ మారిందనుకోండి. పోస్ట్‌ఫిక్స్ ఆ లాగిన్ వైఫల్యాన్ని తాత్కాలికం అనుకుని మెసేజ్‌ని క్యూలోనే ఉంచుతుంది. ఐదు రోజులయ్యాక బౌన్స్ (చేరలేదన్న తిరుగు మెయిల్) రాస్తుంది. ఆ బౌన్స్ ఎలా వెళ్లాలి? అదే రిలే మీదుగా, అదే చెల్లని పాస్‌వర్డ్‌తో! ఎంఎస్ఎంటీపీ అయితే మొదటి నిమిషంలోనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. మన స్క్రిప్టులో దాన్ని పట్టుకోవచ్చు.

క్యూలోఉన్నా
మన స్క్రిప్టులో పట్టుకోవచ్చు, సరే. స్మార్ట్‌డీ, రెయిడ్ చూసే ఎండీఅడ్మ్ రాసింది మనం కాదు కదా. నెట్ పోవడం తరచూ జరిగేది, పాస్‌వర్డ్ చెడటం ఎప్పుడో జరిగేది. మొదటిదానికి క్యూ, రెండోదానికి వేరే మందు.

రూట్‌కానివాడు
ఆ మందు బయట ఉండాలి. రోజుకోసారి 'బతికే ఉన్నా' అని ఒక మెయిల్ ఈ సర్వర్ నుంచి వెళ్లాలి. రెండో మెషీన్ ఆ ఇన్‌బాక్స్ చూస్తూ, రానిరోజు గోల చేయాలి. డిస్క్ నిండి స్పూల్‌లో రాయడానికే చోటు లేకపోయినా దొరికిపోతుంది.

క్రాన్‌చూపు
అందరికీ థ్యాంక్స్. మా దగ్గర వెబ్ యూజర్ కూడా మెయిల్ పంపుతాడు, కాబట్టి రూట్‌కానివాడు గారి మాటతో నాకు తేలిపోయింది. డీఎంఏ వేశాను, విడి ఖాతా తీసుకున్నాను. కానీ మొదటి టెస్ట్ మెయిల్‌నే రిలే 553 అని తిప్పికొట్టింది. పంపినవారి అడ్రస్ రూట్ ఎట్ లోకల్‌హోస్ట్ అని వెళ్తోంది.

డెమన్‌బొమ్మ
మీరు లాగిన్ అయిన ఖాతా అడ్రస్ కాకపోతే చాలా రిలేలు ఒప్పుకోవు. డీఎంఏ కాన్ఫిగ్‌లో మాస్కరేడ్ లైనులో పూర్తి అడ్రస్ రాయండి, డొమైన్ ఒక్కటే రాస్తే యూజర్ పేరు రూట్‌గానే ఉండిపోతుంది. అలాగే ఈటీసీలోని ఏలియాసెస్ ఫైల్లో రూట్‌కి మీ అసలు అడ్రస్ పెట్టండి. లేకపోతే రూట్‌కి వచ్చే మెయిల్ ఆ మెషీన్ మీదే వార్ మెయిల్ డైరెక్టరీలో పడి ఉంటుంది.

క్రాన్‌చూపు
వెళ్లింది. ఏలియాస్ లేకే ఇన్నాళ్లూ స్మార్ట్‌డీ మెయిళ్లు రాలేదేమో, వార్ మెయిల్ తెరిచి చూస్తున్నా.