ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్‌కు బెంగళూరులో అసలు ఖర్చు పెట్రోలుదా, టైర్లదా?

హెబ్బాళ నివాసి:

నాలుగేళ్ళు వాడిన ఒక జర్మన్ సెడాన్ చూసి వచ్చాను. మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి అందే ఆల్ వీల్ డ్రైవ్ బండి. దాదాపు అదే ధరకు వెనక చక్రాల డ్రైవ్ ఉన్న మరో కంపెనీ సెడాన్ కూడా దొరుకుతోంది. వారానికి మూడు రోజులు మారతహళ్ళి ఆఫీసుకు, నెలకొకసారి అమ్మానాన్నలను చూడడానికి అనంతపురానికి వెళ్ళి వస్తాను కాబట్టి ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. మా బావగారు మాత్రం నాలుగు చక్రాల డ్రైవ్ బండి పెట్రోలు తాగేస్తుందని, జీతమంతా బంకులో పోయాల్సి వస్తుందని గట్టిగా వద్దంటున్నారు. ఇలాంటి బండి నడుపుతున్నవారు తమ అనుభవం చెప్పగలరా?

జయనగర నివాసి:

మీ బావగారి మాటే నా మాట. 1980లో ఆడి సంస్థ క్వాట్రోతో ఈ పద్ధతిని రోడ్డు కార్లలో ప్రసిద్ధం చేసినప్పుడు దాని గొప్పతనమంతా మంచులో, బురదలో పట్టు జారకపోవడంలోనే కనిపించింది. మన ఊళ్ళో మంచు పడదు. ఏడాదిలో నాలుగు రోజులైనా అక్కరకు రాని అదనపు షాఫ్టునూ, కుడి ఎడమ చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ అనే భాగం రెండోదాన్నీ 365 రోజులూ మోసుకు తిరగడం ఎందుకు? పైగా 2024 జూన్‌లో కర్ణాటకలో పెట్రోలుపై అమ్మకపు పన్ను 25.92 శాతం నుంచి 29.84 శాతానికి పెరిగి, లీటరు ధర మూడు రూపాయల మేర ఎగబాకి వంద దాటింది. ప్రతి చుక్కా లెక్క చూసుకోవలసిన రోజుల్లో తెలిసి తెలిసి ఎక్కువ తాగే బండిని ఎంచుకోవడం నాకు సబబుగా తోచడం లేదు.

వైట్‌ఫీల్డ్ నివాసి:

నేను మూడేళ్ళుగా సరిగ్గా ఇలాంటి బండినే నడుపుతున్నాను, ట్యాంకు నింపిన ప్రతిసారీ లీటర్లూ కిలోమీటర్లూ పుస్తకంలో రాసుకుంటున్నాను. నా బండి నగరంలో లీటరుకు ఆరున్నర కిలోమీటర్లు, హైదరాబాదు రహదారి మీద నిలకడగా నడిపితే పన్నెండున్నర ఇస్తోంది. మీ ప్రయాణంలో నగరం సగం, రహదారి సగం అనుకుంటే ఏడాదికి దాదాపు 1,400 లీటర్లు, అంటే లక్షా నలభై వేల రూపాయల పైమాటే. ఇది పెద్ద ఖర్చే, కాదనను.

అయితే ఇందులో ఆల్ వీల్ డ్రైవ్ వాటా ఎంత? అదనపు భాగాల బరువు, వాటి రాపిడి కలిపి 100 కిలోమీటర్లకు అర లీటరు మింగుతాయని కాస్త ఉదారంగానే లెక్క వేసినా ఏడాదికి 60 లీటర్లు, డబ్బుగా ఆరు వేల పైచిలుకు అవుతుంది. మిగిలినదంతా పెద్ద ఇంజను, భారీ బండి, మన ట్రాఫిక్ తాగేదే, వెనక చక్రాల డ్రైవ్ కొన్నా అది తప్పదు. ఆ మాటకొస్తే ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఇ20 పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి, ఇథనాల్ కలపని పెట్రోలుతో పోలిస్తే ఈ మిశ్రమంలో శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. మైలేజీ అంత మేరా పడిపోకపోవచ్చు కానీ, ఆల్ వీల్ డ్రైవ్ తినే నాలుగు శాతాన్ని భూతద్దంలో చూసేవారు దీన్నీ గమనించాలి.

గత నవంబరులో ఒక సాయంత్రం వర్షంలో టిన్ ఫ్యాక్టరీ దగ్గర చిక్కుకుని పంతొమ్మిది కిలోమీటర్లకు రెండు గంటల పది నిమిషాలు పట్టింది, ఇల్లు చేరేసరికి మీటరు మీద లీటరుకు 4.2 కిలోమీటర్లు అని ఉంది. ఏసీ ఆన్‌లో ఉండి నిలబడిన బండికి రెండు చక్రాల డ్రైవ్ అయినా నాలుగు చక్రాల డ్రైవ్ అయినా ఒకటే, ఇంజను గంటకు లీటరుకు పైగా తాగుతూనే ఉంటుంది. అదే బండి మరుసటి ఉదయం దేవనహళ్ళి దాటాక 90 వేగం మీద 13 చూపించింది.

ఈ బండి నిజంగా దెబ్బ తీసేది టైర్ల దగ్గర, మీ బావగారు భయపెట్టవలసింది దాని గురించి. వర్తూరు వైపు నీళ్ళు నిండిన గుంట కనపడక ఎడమ ముందు చక్రం దిగబడి, గాలి పోయినా కొంత దూరం నడిచే 19 అంగుళాల రన్‌ఫ్లాట్ టైరు పక్క గోడ అరచేయంత ఉబ్బిపోయింది. ఒక్క టైరే మార్చుకుందామని వెళ్తే టైర్ల దుకాణంలో కుర్రాడు గేజి పెట్టి గాడి లోతు కొలిచి చూపించాడు. కొత్త టైరుకు 8 మిల్లీమీటర్లు, మిగతా మూడింటికీ నాలుగున్నర. ఆ తేడాతో ఒక చక్రం చుట్టుకొలతే మారిపోతుంది, తిన్నగా పోతున్నప్పుడు కూడా ఒక చక్రం జారుతోందని భ్రమించి ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని క్లచ్ పళ్ళేలు అదే పనిగా పనిచేసి వేడెక్కుతాయి. ట్రాన్స్‌ఫర్ కేస్ పోతే బిల్లు లక్షల్లో ఉంటుంది కాబట్టి నోరు మూసుకుని నాలుగూ మార్చాను. లక్షా పన్నెండు వేలు. మీరు పెట్రోలులో ఆదా చేద్దామనుకుంటున్న ఆరు వేలు పద్దెనిమిదేళ్ళు పోగేస్తే ఆ ఒక్క గుంటకు సరిపోతుంది.

జయనగర నివాసి:

పెట్రోలు లెక్కలో నేను పొరబడ్డానని ఒప్పుకుంటున్నాను. కానీ మీరు చెప్పిన టైర్ల కథ నా వాదనకే బలమిస్తోంది కదా! వెనక చక్రాల బండి అయితే పాడైనది ఒక్కటో, జతగా రెండో మార్చి బయటపడేవారు. దీనికి తోడు ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిలు, రెండు డిఫరెన్షియల్‌ల ఆయిలు మార్పించాలి, దారిలో ఆగిపోతే రెండు చక్రాలు పైకెత్తి లాగించకూడదు, ఫ్లాట్‌బెడ్ లారీయే రావాలి. ఇన్నింటికి ప్రతిఫలంగా దక్కేదేమిటి? బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి కాబట్టి తడి రోడ్డు మీద ఆగడంలో ఈ బండికి ప్రత్యేక లాభమేమీ లేదు.

వైట్‌ఫీల్డ్ నివాసి:

బ్రేకుల మాట అక్షరాలా నిజం. వేగం అందుకోవడంలో పట్టు ఉంది కదా అని ఆగడంలోనూ ఉంటుందనుకుని నడిపేవాళ్ళను చూశాను, అది ప్రమాదకరమైన భ్రమ. నేను కోరుకున్నది మరొకటి. చిత్తూరు వెళ్ళేటప్పుడు పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో వానలో లారీని దాటవలసి వచ్చినప్పుడు, ఇంజను తిప్పే బలం, అంటే 500 న్యూటన్ మీటర్ల టార్క్, రెండు చక్రాల మీదే పడితే వెనక భాగం ఊగడం, చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజను శక్తిని కోసేయడం మిత్రుడి కారులో అనుభవించాను. నా బండి అదే చోట రైలులా లాక్కుపోతుంది. నెలకు రెండుసార్లు ఆ దారిలో పిల్లలతో వెళ్ళే నాకు ఆ నిబ్బరం విలువైనదే. నాలుగు వరుసల రోడ్డు మీద అనంతపురం వెళ్ళే హెబ్బాళ గారికి దాని అవసరం నాకున్నంత ఉండకపోవచ్చు.

ఒకవేళ కొంటే, తయారీదారు అనుమతించిన చిన్న రిమ్ముకు మారండి. 18 అంగుళాల చక్రానికి టైరు గోడ ఎత్తుగా ఉండి గుంటలను తట్టుకుంటుంది. పది వేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లు వెనక్కు, వెనకవి ముందుకు మార్పిస్తే నాలుగూ సమానంగా అరుగుతాయి, కాకపోతే ముందూ వెనకా ఒకే కొలత టైర్లున్న బండికే అది సాధ్యం. ఆంధ్రలో లీటరు ఇంకా ప్రియం కాబట్టి బాగేపల్లి దాటకముందే ట్యాంకు నింపుకోవడం ఎలాగూ మనందరి అలవాటే.

హెబ్బాళ నివాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం గాడి లోతు కొలిచే గేజి తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ముందు టైర్లు ఆరు మిల్లీమీటర్లు, వెనకవి మూడు, పైగా వేర్వేరు కంపెనీలవి. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిలు మార్చిన బిల్లు అడిగితే యజమాని దగ్గర లేదు. వర్క్‌షాపులో లిఫ్టు మీద పెట్టించి ఆ భాగం చూపించి, నాలుగు టైర్ల ధర తగ్గిస్తేనే మాట్లాడతానని చెప్పి వచ్చాను. ఒప్పుకోకపోతే వెనక చక్రాల డ్రైవ్ బండికే అడ్వాన్సు ఇస్తాను.