కొత్త ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) నేర్చుకోడానికి గైడ్‌బుక్ పట్టుకుని కూర్చోవడం వేస్టా? లావు పుస్తకం ముందేసుకుని అడుగుతున్నా

నీలితెర:
విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, నా లాప్‌టాప్ ఏమో 11కి పనికిరాదు అని మెసేజ్ పెడుతోంది, మెషీన్ మాత్రం రాయిలా ఉంది, పారేయడానికి మనసొప్పక ఉబుంటు అనే లినక్స్ ఓఎస్ వేసేశా. మా అక్క తను ఎప్పుడో ఉబుంటు 16.04 (2016 నాటి వెర్షన్) నేర్చుకున్నప్పటి గైడ్‌బుక్ ఇచ్చింది, దాదాపు ఆరొందల పేజీలు. మొదటి చాప్టర్‌లోనే చుక్కెదురు. ఎడమవైపు పట్టీలో అన్నిటికన్నా పైనున్న బటన్ నొక్కితే డ్యాష్ (ప్రోగ్రాములు వెతుక్కునే తెర) తెరుచుకుంటుంది అని బొమ్మతో సహా వేశారు, నాకు అక్కడ ఫైర్‌ఫాక్స్ ఉంది. నొక్కితే ఫైర్‌ఫాక్సే తెరుచుకుంది మరి. ఇది చదవాలా, అటకెక్కించాలా? అక్కేమో చదువు చదువు అని రోజూ అడుగుతోంది.

ఒక్కక్లిక్కు:
అటక ఎక్కించెయ్ బ్రో. ఓఎస్ అనేది చేత్తో నేర్చుకునేది, కంటితో కాదు. 1990లో విండోస్ 3.0తో పాటు సాలిటేర్ ఇచ్చారు, మౌస్‌తో పట్టుకుని లాగి వదలడం ఎంతోమందికి ముక్కలు పేర్చుకుంటూనే అలవాటైంది, దానికి ఎవడైనా పుస్తకం చదివాడా? వీడియో పెట్టుకో, వాడు ఎక్కడ నొక్కితే నువ్వూ అక్కడ నొక్కు, అయిపోయింది.

పేజీతిప్పుడు:
నీలితెర గారూ, మీ బొమ్మ ఎందుకు కలవట్లేదో ముందు చెప్తా. 16.04లో ఉన్నది యూనిటీ అనే డెస్క్‌టాప్, 2017 అక్టోబర్‌లో వచ్చిన 17.10 నుంచి దాన్ని తీసేసి గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ పెట్టారు. కాబట్టి ఆ పుస్తకంలో స్క్రీన్ బొమ్మలున్న చాప్టర్లన్నీ చచ్చినట్టే, మొహమాటం లేకుండా దాటేయండి.

కానీ ఫైళ్ళు, పర్మిషన్లు, ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) అని చాప్టర్లుంటాయి చూడండి, అవి వదలొద్దు. ఎల్ఎస్ (ఫైళ్ళ జాబితా), సీపీ (కాపీ), ఎంవీ (చోటు లేదా పేరు మార్చడం), ఆర్ఎం (తీసేయడం), సీహెచ్‌మాడ్ (పర్మిషన్లు మార్చడం), ఈ ఐదు కమాండ్లూ లినక్స్‌కి మూలమైన యూనిక్స్‌ని తయారుచేసిన థాంప్సన్, రిచీ 1971 నవంబర్‌లో రాసిన దాని మొట్టమొదటి మాన్యువల్‌లోనే ఉన్నాయి. యాభై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ అదే పని చేస్తున్నాయి. బటన్లు మూడేళ్ళకోసారి చోటు మారుస్తాయి, వీటి జోలికి మాత్రం ఎవరూ పోలేదు. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టండి, చిన్న అక్షరాలతో. ఆ సిస్టమ్‌కి పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు.)

తిక్కటెర్మినల్:
అన్నా సగం నిజమే చెప్పావు. కమాండ్లు కూడా ముసలివవుతాయి. పాత పుస్తకాల్లో నెట్‌వర్క్ చూడ్డానికి ఐఎఫ్‌కాన్ఫిగ్ కొట్టమంటారు, ఇప్పుడు కొత్తగా వేసిన ఉబుంటులో కొడితే కమాండ్ దొరకలేదు అంటుంది, ఐపీ అడ్రస్ అని కొట్టాలి. కొత్తవాడు అక్కడే బెదిరిపోతాడు, తనే ఏదో పాడుచేశాను అనుకుని. సిస్టమ్‌లోనే మ్యాన్ పేజీలుంటాయి (ఒక్కో కమాండ్‌కి వివరణ), నీ వెర్షన్‌కి సరిగ్గా సరిపోయేవి, నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి, డబ్బులక్కర్లేదు. ఇంక పుస్తకం ఎందుకు?

పేజీతిప్పుడు:
మ్యాన్ పేజీ నిఘంటువు తమ్ముడూ. నిఘంటువు చదివి భాష నేర్చుకున్నోడిని ఒక్కడిని చూపించు, నేను పుస్తకాలన్నీ అటకెక్కిస్తా.

నిద్రపట్టనోడు:
నాది వినండి, నవ్వకండి. ఒక ఫోల్డర్‌లో ఫైల్ సేవ్ అవ్వట్లేదని వెతికితే ఎవరో సుడోతో (అంటే అడ్మిన్ అధికారంతో) సీహెచ్‌మాడ్, హైఫన్ పెట్టి పెద్ద ఆర్ (లోపలున్న వాటన్నిటికీ అని), 777, ఆ తర్వాత చుక్క, స్లాష్ కొట్టమన్నాడు. నేను చుక్క మర్చిపోయా. చుక్క ఉంటే ఇప్పుడున్న ఫోల్డర్, లేకపోతే మొత్తం సిస్టమ్ మొదలు, ఆ సంగతి అప్పుడు నాకేం తెలుసు. ఆర్ఎం అయితే ఉత్త స్లాష్ ఇస్తే ఒప్పుకోదు, సీహెచ్‌మాడ్‌కి ఆ అడ్డం లేదు, చెప్పింది చెప్పినట్టు చేసేసింది. తర్వాత సుడో కొడితే దానికి ఉండాల్సిన ప్రత్యేక బిట్ (పర్మిషన్ గుర్తు) పోయింది, రూట్ (అంటే అడ్మిన్) సొంతదారుగా ఆ బిట్‌తో ఉంటేనే పనిచేస్తా అని మొరాయించింది. వేసిన తాళం చెవిని లోపలే పెట్టి తలుపేసుకున్నట్టయింది. రాత్రంతా కూర్చుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా. 777 అంటే ఏంటో ఆ తర్వాత చదివా: సొంతదారుకి ఒక అంకె, గుంపుకి ఒకటి, మిగతావాళ్ళకి ఒకటి, చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, కలిపితే 7. రెండు పేజీల విషయం. ముందే చదివుంటే సేవ్ అవ్వకపోతే మిగతావాళ్ళందరికీ తలుపులు తీయాల్సిన పనే లేదని తెలిసేది.

ఒక్కక్లిక్కు:
చుక్క మర్చిపోవడం టైపింగ్ తప్పు భయ్యా, పుస్తకం ఉన్నా మర్చిపోతావు 😀 ఆ నింద నెట్ మీదకెందుకు.

నిద్రపట్టనోడు:
మర్చిపోతా, కాదనను. కానీ కొట్టేముందు ఒక్క క్షణం ఆగేవాడిని కదా.

గడియారంలెక్క:
నేను ఒక్కక్లిక్కు పక్షమే ఉండేవాడిని, ఒక్క విషయంలో మనసు మారింది. విండోస్ ఉంచుకుని పక్కన లినక్స్ వేశా, ఇందులోంచి అందులోకి వెళ్ళినప్పుడల్లా టైమ్ గంటల కొద్దీ తప్పు చూపించేది. గడియారం తప్పు అని వెతికితే మదర్‌బోర్డ్ మీద బ్యాటరీ మార్చమని అందరూ చెప్పారు, మార్చా కూడా, ఏం లాభం. అసలు సంగతేంటంటే మెషీన్ లోపలి గడియారాన్ని విండోస్ లోకల్ టైమ్‌లో పెడుతుంది, లినక్స్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) పెడుతుంది, ఒకడు పెట్టింది ఇంకోడు తనదనుకుని చదువుతాడు. టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో లినక్స్‌ని కూడా లోకల్ టైమ్‌కి మార్చుకోవచ్చు. ఇదంతా ఒక పుస్తకంలో వేరే దేనికోసమో తిప్పుతుంటే కంటబడింది. పేరు తెలిస్తేనే కదా వెతకడం, యూటీసీ అన్న మాటే నా బుర్రలో లేనప్పుడు ఏమని వెతకను?

తిక్కటెర్మినల్:
ఇది ఒప్పుకుంటా. అయినా ఆరొందల పేజీలు మొదటి నుంచి చివరిదాకా చదివే పని మాత్రం పెట్టుకోకండి ఎవరూ. ఎడమ చేత పుస్తకం, కుడి చేత కీబోర్డ్, పేజీకో కమాండ్ కొట్టి చూడాలి, అది కూడా పోయినా పర్లేదనుకునే ఫోల్డర్‌లో. మంచం మీద పడుకుని చదివితే నవల చదివినట్టే.

నీలితెర:
అందరికీ థాంక్స్. రాత్రి మొదటి నాలుగు చాప్టర్లు దాటేసి టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) చాప్టర్ తీశా. సుడో కొట్టి పాస్‌వర్డ్ టైప్ చేస్తుంటే ఒక్క అక్షరం, ఒక్క చుక్క కూడా పడట్లేదు. కీబోర్డ్ పోయిందనుకుని వేరేది తగిలించా, అదీ అంతే. లాప్‌టాప్ మూసేసి పడుకుందామనుకుంటూ పేజీ తిప్పితే అవతలి పేజీ పైన ఒక్క లైన్: టైప్ చేసేటప్పుడు ఏమీ కనిపించదు, కంగారుపడకండి, ఎంటర్ నొక్కండి. ఆ లైన్ పక్కన మా అక్క పెన్సిల్‌తో రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టుంది. తనకీ ఇదే అయ్యిందన్నమాట, ఇన్నాళ్ళూ చెప్పలేదు.

ఒక్కక్లిక్కు గారూ, మీ వీడియో కూడా చూశా, అందులో ఆయన పాస్‌వర్డ్ ఎంత స్పీడ్‌గా కొట్టాడంటే అక్కడ ఏమీ పడలేదని నేను గమనించనేలేదు.

ఒక్కక్లిక్కు:
సరే ఆ ఒక్క పాయింట్ అక్కకి 🙏 కానీ డెస్క్‌టాప్ భాగం వీడియోలోనే చూడు, మాట మార్చను.

నీలితెర:
అలాగే. ఇప్పుడు కొత్త డౌట్. టెర్మినల్‌లో కాపీ చేద్దామని కంట్రోల్ సీ కొట్టా, నడుస్తున్న అప్‌డేట్ ఆగిపోయింది. ఇది ఏ చాప్టర్‌లో ఉంటుంది?

పేజీతిప్పుడు:
ప్రాసెస్‌ల చాప్టర్. టెర్మినల్‌లో కంట్రోల్ సీ అంటే నడుస్తున్నదాన్ని ఆపెయ్ అని, కాపీకి మధ్యలో షిఫ్ట్ కలపాలి. ముందు ఆ అప్‌డేట్ మళ్ళీ నడపండి, సగంలో ఆగింది. చాప్టర్ తర్వాత చదువుదురుగాని.