మేత బాగానే తింటోంది, పారుడు ఆగడం లేదు, ఆవు ఎండిపోతోంది: ఎవరికైనా ఇలా జరిగిందా?

పలమనేరు_పాడి
అందరికీ నమస్కారం. మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ అనే విదేశీ పాల జాతి) క్రాస్ ఆవు, మూడో ఈత. ఈనిన కొన్నాళ్లకే పలచగా పారడం మొదలైంది. మందు వేస్తే కొద్దిరోజులు గట్టిపడుతుంది, మళ్లీ మామూలే. జ్వరం లేదు. పేడలో నెత్తురు లేదు, ముక్కడం లేదు. దాణా పెడితే తొట్టి నాకి వదులుతుంది, అయినా వెన్నుపూసలు తేలి, తొడల కండ కరిగిపోయింది. పాలు సగానికి పడిపోయాయి. ఇప్పుడు దవడ కింద సంచిలా నీరు దిగింది. నట్టల మందులు పట్టించాం, గుణం కనపడలేదు. చింతామణి సంతలో కొన్న ఆవు. ఊళ్లో అందరూ జలగ (కాలేయంలో చేరే పురుగు) అంటున్నారు. మీలో ఎవరైనా ఇలాంటిది చూశారా?

కరీంనగర్_బర్రెలు
అన్నా, మా ముర్రా బర్రెకు అచ్చం గిట్లనే అయింది. హర్యానా నుంచి తెచ్చినం. మేం గూడ జలగనే అనుకున్నం. జలగ అయితే సరైన మందు పడ్డంక గొంతు కింద వాపు దిగుతది, పాలు మళ్ల ఎక్కుతయి. మాది దిగలే. తిండి మాత్రం తగ్గలే, గదే మాకు సమజ్ కాలే. ఆఖరికి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీల పెండ చూపిస్తే జోన్స్ వ్యాధి అని తేలింది. నువ్వు రాసిన లక్షణాలన్నీ దానికే సరిపోతున్నయి. ఇంకో మందు కొనకముందు పరీక్ష చేయించు.

గోదావరి_పశువైద్యుడు
పలమనేరు తమ్ముడూ, చూడకుండా రోగం పేరు చెప్పను గానీ, ఆకలి తగ్గకుండా, జ్వరం లేకుండా, నెలల తరబడి పారుతూ చిక్కిపోయే పెద్ద పశువులో జోన్స్‌ను తప్పకుండా అనుమానించాలి. దీన్ని 1895లో జర్మనీలో జోన్, ఫ్రాథింగమ్ అనే ఇద్దరు మొదట వర్ణించారు. దీనికి కారణం క్షయ బాక్టీరియా కుటుంబానికే చెందిన సూక్ష్మజీవి. చిన్నపేగు చివరి భాగంలో చేరి, అక్కడి గోడను ఏళ్ల తరబడి మందంగా, ముడతలు ముడతలుగా చేస్తుంది. చనిపోయిన పశువును కోసి చూస్తే ఆ పేగు లోపలి గోడ మెదడు మడతల్లా ఉంటుంది. మేత లోపలికి వెళ్తుంది కానీ సారం ఒంటికి పట్టదు. పైగా రక్తంలోని ప్రొటీన్ పేగులోకి కారిపోతుంది. దవడ కింద నీరు దిగేది అందుకే. జలగలోనూ ప్రొటీన్ తగ్గే వాపు వస్తుంది కాబట్టి రెండూ ఒకలా కనిపిస్తాయి.

ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఈ రోగం పెద్ద ఆవుకు నిన్న మొన్న అంటుకున్నది కాదు. దాదాపు ఎప్పుడూ దూడగా ఉన్నప్పుడే, అందులోనూ మొదటి ఆరు నెలల్లో అంటుకుంటుంది. బయటపడేది రెండు నుంచి ఐదేళ్ల తర్వాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. ఈత ఒత్తిడితో బయటికి వస్తుంది. ఈలోగా పైకి ఏమీ కనపడని ఆవు కూడా పేడలో క్రిములు వదులుతూనే ఉంటుంది. ముదిరిన ఆవు పేడలో అయితే గ్రాముకు లక్షల్లో, కోట్లలో ఉంటాయి. అవి తడి నేలలో, నీళ్లలో ఏడాది వరకూ బతకగలవు. అందుకే మందలో ఒక పశువు ఇలా చిక్కిందంటే, రోగం అంటుకున్నవి ఇంకా చాలా ఉన్నాయనుకోవడమే మంచిది.

పలమనేరు_పాడి
డాక్టర్ గారూ, చాలా సంతోషం. మందు లేదా? దీనికి పుట్టిన పెయ్యదూడ ఉంది, దాన్నే పెంచుకుందామనుకున్నాం. పాలు ఇంట్లో పిల్లలు కూడా తాగుతున్నారు, అదే పెద్ద దిగులు.

గోదావరి_పశువైద్యుడు
నయం చేసే మందు లేదు తమ్ముడూ. యాంటీబయాటిక్‌తో కొద్దిరోజులు పారుడు తగ్గొచ్చు, రోగం పోదు. అన్నాళ్ల మందు ఖర్చు, ఆ పాలు పారబోయడం, ఏదీ రైతుకు గిట్టదు. రోగం ముదిరిన తల్లి కడుపులో ఉండగానే దూడకు అంటుకోవచ్చు, ముర్రుపాలలో, మామూలు పాలలో కూడా క్రిములు ఉంటాయి. కాబట్టి ఆ పెయ్యను మందకు తల్లిగా పెట్టుకోవద్దని నా మాట. ఇప్పుడు పరీక్ష చేసి లేదని వస్తే నమ్మకండి, దూడల్లో పరీక్షలు సరిగా పట్టవు.

పిల్లల సంగతి: మనుషుల్లో వచ్చే క్రోన్స్ అనే పేగు జబ్బుకూ దీనికీ సంబంధం ఉందా అని పరిశోధకులు చాలా ఏళ్లుగా వాదించుకుంటున్నారు, తేలలేదు. పాలు బాగా మరగబెట్టి తాగండి. పచ్చిపాలు ఎవరూ తాగొద్దు.

అనంత_గొర్రెలు
గొర్రెలకు గూడా ఇది ఉంటాది. కానీ పారవు, పెంటికలు మామూలుగానే పడతాయి. తింటూనే చిక్కిపోతాయి, ఉన్ని ఊడతాది. మేపు లేక బక్కబడిందని అమ్మేస్తాం మేము. ఆవులూ గొర్రెలూ ఒకే బీట్లో తిప్పేవాళ్లు జాగ్రత్త పడాల.

తెనాలి_గేదెలు
నేను ఒక్క మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. ఇలాంటి పశువును దాణా పెట్టి, పారుడు కట్టే మందు వేసి, నిగారింపు తెచ్చి సంతకు తోలేస్తారు. ఇంకో ఇంట్లో దూడల పాకలోకి అది వెళ్తుంది. పలమనేరు తమ్ముడి దగ్గరికి కూడా బహుశా అలాగే వచ్చి ఉంటుంది. అప్పు చేసి మొదటి ఆవు కొనుక్కునే ఆడవాళ్లే ఎక్కువ దెబ్బతింటున్నారు. మా పొదుపు సంఘంలో కళ్లారా చూశాను. మన రెండు రాష్ట్రాల్లో 1977 చట్టం ప్రకారం ఆవును వధకు పంపకూడదు, బయటి దేశాల్లాగా ఏరివేతకు దారి లేదు. నష్టం ఎంతో నాకు తెలుసు. అయినా వేరుగా కట్టేసి ఉన్నన్నాళ్లు మేపడమే న్యాయం. గోశాలకు ఇచ్చేస్తే పాపం తీరదు, అక్కడా దూడలుంటాయి.

కరీంనగర్_బర్రెలు
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మేం గూడ అమ్మలే. వేరే కొట్టం ఏసినం.

యార్క్‌షైర్_తెలుగు
ఇక్కడ ఇంగ్లండ్‌లో ఒక డెయిరీ ఫామ్‌లో పనిచేస్తున్నాను. మూడు నెలలకోసారి ప్రతి ఆవు పాల నమూనా పరీక్షకు వెళ్తుంది. ఎక్కువ అనుమానం ఉన్నవి ఎరుపు గుంపులోకి వస్తాయి, వాటి చెవికి ఎరుపు పోగు వేస్తాం. ఎరుపు ఆవును విడిగా, శుభ్రమైన గడ్డి మీద ఈనిస్తాం. దూడను వెంటనే వేరు చేస్తాం. దాని ముర్రుపాలు ఏ దూడకూ పట్టం, చాలా దూడలకు కలిపి పట్టే డబ్బాలో అసలే పోయం. ఆ ఆవుకు మాంసపు జాతి వీర్యం ఎక్కిస్తాం, దాని పెయ్య మందలో మిగలదు. ఇంత చేసినా రోగం తగ్గడానికి ఏళ్లు పడుతోంది. మన ఊళ్లో రెండు మూడు ఆవులున్న ఇంట్లో ఈ ఏర్పాట్లన్నీ కుదరవు. కానీ దూడను పెద్ద పశువుల పేడకు దూరంగా ఉంచడానికి పెద్ద ఖర్చేం కాదు.

కరీంనగర్_బర్రెలు
మేం ఇప్పుడు చేసేది రాస్త. ఈనే జాగ రోజూ కడిగి సున్నం చల్లుతం. పొదుగు, చన్లు కడిగినంకనే దూడను ఇడుస్తం. దూడల నీళ్ల తొట్టి ఎత్తుల పెట్టినం, పెండ పడకుండ. పెద్దవి తిని మిగిల్చిన గడ్డి దూడలకు ఎయ్యం. పెండ తీసే పార, బూట్లు రెండు కొట్టాలకు వేరు వేరు. పచ్చి పెండ గడ్డి మడిల పొయ్యం, కుప్పేసి బాగ మాగినంకనే ఎరువు.

పలమనేరు_పాడి
అందరికీ దండాలు. ఆవును పక్క పాకలో కట్టాను. డాక్టర్ గారూ, నమూనా ఎలా పంపాలి? ఏ పరీక్ష అడగాలి?

గోదావరి_పశువైద్యుడు
1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, లేదా మీ ఊరి ఆసుపత్రి డాక్టరు గారిని అడగండి. నేల మీది పేడ కాదు, చేతికి తొడుగు వేసుకుని పాయువు లోపలి గోడను గీరి తీసింది కావాలి, ఆ పని వారితోనే చేయించండి. దాంతో గాజు పలక మీద రంగు వేసి చూస్తారు. ఎర్రని క్రిములు గుంపులుగా కనిపిస్తాయి. రక్తం కూడా తీయించి ఎలైసా (రోగం మీద ఒళ్లు తయారుచేసిన ప్రతిరక్షకాలను వెతికే పరీక్ష) అడగండి, వీలుంటే పేడ మీద పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష). కల్చర్ (ల్యాబ్‌లో క్రిములను పెంచి చూడడం) అంటే రెండు మూడు నెలలు ఆగాలి. మీ ఆవులాగా ముదిరినదానిలో పరీక్షలు బాగానే పట్టుకుంటాయి. పాకలో మిగతావాటికి మాత్రం ఒక్కసారి లేదని వస్తే వదిలేయకండి, ఏటా చేయించండి. జలగ కోసం పేడ పరీక్ష కూడా అదే రోజు అడగండి, రెండూ కలిసి ఉన్న పశువులు నాకు తగిలాయి. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ మీకు దగ్గరే. ఫలితం రాగానే ఇక్కడ పెట్టండి, పెయ్య సంగతి అప్పుడు మళ్లీ మాట్లాడదాం.