వార్ల్‌పిరి వాళ్ళు నేల ఇచ్చింది తిన్నారా, నేలను సాకారా?

తుంగభద్ర: ఆస్ట్రేలియా నడిమధ్య తనామీ ఎడారిలో బతికిన వార్ల్‌పిరి జనాన్ని "నేలను సాకినవాళ్ళు" అంటూ ఈమధ్య రాస్తున్నారు. నాకిది అతిగా అనిపిస్తోంది. దున్నలేదు, నాటలేదు, పశువుల్ని పెంచలేదు. కంగారూ దొరికితే విందు, లేకపోతే పస్తు. ఇందులో సాకడం ఎక్కడుంది?

మోదుగుపూవు: నిప్పు సంగతి వదిలేశారు తుంగభద్ర గారూ. అక్కడ ఎటు చూసినా స్పినిఫెక్స్ అనే ముళ్ళగడ్డి. చలికాలంలో దాన్ని ఒక్కో చిన్న ముక్కగా కాల్చేవారు. కాలిన చోట ఉడుముల బొరియలు బయటపడతాయి. వాన పడ్డాక లేత గడ్డికి కంగారూలు వస్తాయి, అడవి టమాటా జాతి మొక్కలు దండిగా మొలుస్తాయి. వాటిలో యకజిరి కాయలు చెట్టుమీదే ఎండి కిస్‌మిస్‌లా అవుతాయి. ఆడవాళ్ళు అవి ఏరి, నీళ్ళు చేర్చి రాతిమీద నూరి, ముద్దలు చేసి దాచేవారు. రేపటి ఆలోచన లేనివాళ్ళు చేసే పనేనా ఇది?

తుంగభద్ర: నిప్పు వేట సులువు కోసం. మరి 1920ల కరువులో తెల్లవాళ్ళ పశువుల స్టేషన్ల (పెద్ద పశుపోషణ క్షేత్రాల) దగ్గరికి ఎందుకొచ్చారు? పద్ధతి అంత గట్టిదైతే కరువుకి ఆగాలి కదా.

పాలపిట్ట: కరువు వాళ్ళకు కొత్త కాదండీ. వానలు పడగానే చిన్న గుంపులుగా విడిపోయి, త్వరగా ఎండిపోయే గుంటల వైపు ముందు వెళ్ళేవారు. ఎండని చెలమల్ని, వాటి చుట్టూ ఉన్న దుంపల్ని కష్టకాలానికి అట్టిపెట్టేవారు. ఏ ఇసుకలో తవ్వితే నీళ్ళు పడతాయో పిల్లలకు పాటల్లో నేర్పేవారు. ఈసారి కరువొచ్చేసరికి మంచి నీటి చోట్ల పశువులు చేరాయి. 1928లో కోనిస్టన్ అనే పశువుల స్టేషన్ దగ్గర ఒక తెల్లవాడి హత్య జరిగాక పోలీసు దండు అక్కడి ఆదివాసుల్ని ఊచకోత కోసింది. చనిపోయింది 31 మంది అని ప్రభుత్వం లెక్క చెప్పింది; అంతకు చాలా ఎక్కువమంది అని వాళ్ళ కుటుంబాలు చెబుతాయి. నీళ్ళు లాక్కుని, తుపాకులతో తరిమి, మీ పద్ధతి ఓడిపోయిందనడం అన్యాయం.

మోదుగుపూవు: జనం సెటిల్‌మెంట్లకు (ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఊళ్ళకు) చేరాక ఆ చిన్న మంటలు తగ్గాయి, ఎండాకాలంలో పెద్ద కార్చిచ్చులు మొదలయ్యాయి. 2012లో దక్షిణ తనామీలో దాదాపు కోటి హెక్టార్లను ఆదివాసీ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ వార్ల్‌పిరి రేంజర్లు చలికాలపు మంటలు మళ్ళీ పెడుతున్నారు.

తుంగభద్ర: చెలమల సంగతి బలంగానే ఉంది పాలపిట్ట గారూ. అయినా విత్తనం నాటని చోట సాకడం అనను. నీళ్ళను కాపాడుకున్నారంటే మాత్రం ఒప్పుకుంటాను.